మోకాళ్ల నొప్పికి ఆకు మూట, వావిలి నూనె, కషాయం: ఇంట్లో జాగ్రత్తగా చేసుకునే విధానం

కింద కూర్చున్న మనిషి మోకాలు పట్టుకుని లేవడం మొదలైన రోజు నుంచే మన ఇళ్లలో సలహాలు కూడా మొదలవుతాయి. ఒకరు వావిలాకు కట్టమంటారు, ఒకరు నల్లేరు పచ్చడి తినమంటారు, మరొకరు ఎక్కడో పొట్లాలు కట్టి ఇచ్చే చూర్ణం తెప్పించుకోమంటారు. వీటిలో కొన్ని నిజంగా ఉపశమనం ఇచ్చేవి, కొన్ని ఏ మేలూ కీడూ చేయనివి, కొన్ని మాత్రం మూత్రపిండాలనో కాలేయాన్నో దెబ్బతీసేవి. ఏది ఏ కోవలోకి వస్తుందో తెలుసుకుని, ఇంట్లో చేసుకోదగిన వాటిని కొలతలతో, వరుస క్రమంలో చేసుకునే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

మొదటే ఒక మాట చెప్పాలి. అరిగిపోయిన గుజ్జును తిరిగి పెంచే మూలిక ఏదీ లేదు. ఆకు మూట అయినా, నూనె అయినా, కషాయం అయినా చేయగలిగింది నొప్పిని, బిగుతును కొంతసేపు తగ్గించడమే. ఆ కొంతసేపటిని మీరు కాళ్లు కదపడానికి వాడుకుంటే తొడ కండరాలు బలపడి మోకాలి మీద భారం తగ్గుతుంది, మేలు నిలబడుతుంది. వాడుకోకుండా మంచం మీద పడుకుంటే, రేపు మళ్లీ అదే నొప్పితో అదే మూట కట్టుకోవలసి వస్తుంది. కింద చెప్పిన ప్రతి పనినీ ఈ ఉద్దేశంతోనే చేయండి.

ముందు అది ఏ నొప్పో తేల్చుకోండి

కీళ్ల నొప్పులన్నీ ఒకటి కావు. యాభై దాటిన వారిలో మెట్లు దిగేటప్పుడు, కింద కూర్చుని లేచేటప్పుడు పెరిగి, విశ్రాంతి తీసుకుంటే తగ్గే నొప్పి, పొద్దున లేవగానే ఉండే బిగుతు అరగంటలోపు సడలిపోవడం, కీలు కదిపితే కరకరమనడం, ఇవి సాధారణంగా అరుగుదల లక్షణాలు. ఈ వ్యాసం ప్రధానంగా వీరి కోసమే.

అలా కాకుండా, రెండు చేతుల వేళ్ల కణుపులు, మణికట్లు ఒకేసారి వాచి, పొద్దున పట్టిన బిగుతు గంట దాటినా వదలకపోతే అది రుమటాయిడ్ ఆర్థరైటిస్ కావచ్చు. మన శరీరపు రక్షణ వ్యవస్థే కీళ్ల పొర మీద దాడి చేసే జబ్బు అది. స్త్రీలలో ఎక్కువ, ముప్పై నలభై ఏళ్ల వారికీ వస్తుంది. దీనికి మెథోట్రెక్సేట్ వంటి మందులను తొలి నెలల్లోనే మొదలుపెడితే కీలు వంకర పోకుండా కాపాడుకోవచ్చు. ఆ నెలలను ఆకు కట్లతో గడిపేసి, వేళ్లు వంకర పోయాక వైద్యుని దగ్గరికి వెళ్లిన వారిని చూసినప్పుడు కలిగే బాధ చెప్పలేనిది. కాబట్టి ఆరు వారాలకు మించి కీళ్లు వాచి ఉంటే ముందు రక్త పరీక్షలు చేయించుకోండి, తరువాతే మూలికల సంగతి చూడండి.

కాలి బొటనవేలి మొదలు రాత్రికి రాత్రే ఎర్రగా ఉబ్బి, దుప్పటి తగిలినా భరించలేనంత మంట పుడితే అది యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే గౌట్ కావచ్చు. దానికి వేడి కాపడం పెట్టకూడదు, మర్దన అసలే చేయకూడదు, చల్లటి గుడ్డ మేలు. ఒకే కీలు వాచి, కాలిపోతున్నట్టు ఉండి, జ్వరం కూడా వస్తే కీలులో చీము పడుతున్నదేమో అని అనుమానించి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. 2005, 2006 సంవత్సరాలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను కుదిపిన చికున్‌గున్యాను చూసిన వారికి, జ్వరం తగ్గిన తరువాత కూడా కీళ్లు నెలల తరబడి పట్టేస్తాయని తెలుసు. ఆ నొప్పికి కాపడం, మెల్లటి వ్యాయామం పనికివస్తాయి గానీ వాపు మూడు నెలలు దాటితే మళ్లీ పరీక్ష అవసరం. నల్గొండ వంటి ఫ్లోరైడ్ ప్రాంతాల్లో పుట్టి పెరిగినవారికి వెన్ను, మెడ, మోకాళ్లు కలిసి బిగుసుకుంటుంటే, నూనె కన్నా ముందు తాగుతున్న నీటిని పరీక్ష చేయించాలి.

ఈ తేడాను మన పాత వైద్యులు కూడా పట్టించుకున్నారు. అరుగుదలకు దగ్గరగా ఉండే సంధివాతానికి నూనె మర్దన చెప్పినవారే, వాపుతో, జ్వరంతో వచ్చే ఆమవాతాన్ని వేరే వ్యాధిగా లెక్కించి, దానికి నూనె పెట్టకుండా వేయించిన ఇసుక మూటతో పొడి కాపడం చెప్పారు. అంటే నొప్పి ఉన్న ప్రతి కీలుకూ నూనె రాయడం సంప్రదాయం కూడా కాదు.

ఆకు మూట కాపడం

ఇంట్లో చేసుకునే వాటిలో నేను అన్నింటికన్నా ముందు సూచించేది ఇదే, ఎందుకంటే ఇందులో కడుపులోకి పోయేది ఏమీ లేదు. ముఖ్యమైన ఆకు వావిలి. కాలువ గట్ల మీద, పొలం గట్ల మీద పొదలా పెరిగే ఈ మొక్కకు చేతి వేళ్లలా మూడు నుంచి ఐదు సన్నని ఆకులు ఒకే కాడకు ఉంటాయి. ఆకు అడుగుభాగం బూడిద తెలుపు, పూలు లేత ఊదా రంగు, నలిపితే ఘాటైన వాసన వస్తుంది. బాలింతలకు ఈ ఆకు వేసి మరిగించిన నీళ్లతో స్నానం చేయించడం మన ఇళ్లలో ఇప్పటికీ ఉంది, కాబట్టి పల్లెలో పెద్దవారిని అడిగితే మొక్కను చూపిస్తారు. రోడ్డు పక్కన దుమ్ము పట్టినవి, పురుగుమందు కొట్టిన చేను గట్టున ఉన్నవి కోయవద్దు.

రెండు మోకాళ్లకు వావిలి ఆకులు రెండు పెద్ద గుప్పిళ్లు, ఆముదపు ఆకులు మూడు నాలుగు, దొరికితే చింతాకు ఒక గుప్పెడు తీసుకుని, కడిగి, నీడన తడి ఆరనిచ్చి సన్నగా తరగండి. మూకుడులో రెండు చెంచాల నువ్వుల నూనె వేడిచేసి, పావు చిప్ప కొబ్బరి తురుము వేసి కాస్త ఎర్రబడే దాకా వేయించి, తరువాత తరిగిన ఆకులు, ముక్కలు కోసిన ఒక నిమ్మకాయ, ఒక చెంచా రాతి ఉప్పు వేసి, ఆకు పచ్చి వాసన పోయి ముదురు రంగుకు వచ్చేదాకా సన్న మంట మీద కలపండి. ఈ ముద్దను రెండు భాగాలు చేసి పాత నూలు గుడ్డల్లో గట్టిగా మూటకట్టండి. నైలాన్ గుడ్డ వాడితే వేడికి కరుగుతుంది. రెండు మూటలు ఎందుకంటే, ఒకటి మోకాలి మీద ఉన్నప్పుడు ఇంకొకటి పెనం మీద వేడెక్కుతూ ఉండాలి.

మూటను ముందు మీ ముంజేతి లోపలి భాగం మీద పెట్టి చూడండి. అక్కడ ఐదు లెక్కపెట్టేలోపు తీసేయాలనిపిస్తే అది మోకాలికి కూడా ఎక్కువ వేడే. మోకాలికి పలుచగా నూనె రాసి, మొదట తేలికగా తాకించి తీస్తూ, వేడి తగ్గేకొద్దీ కొంచెం ఎక్కువ సేపు నిలిపి, చిప్ప చుట్టూ, తొడ కింది భాగం, మోకాలి వెనుక పక్కలు అన్నీ తగిలేలా పదిహేను నుంచి ఇరవై నిమిషాలు కాపండి. తరువాత తుడిచి, ఒక పలుచని గుడ్డ కప్పి, ఫ్యాను గాలి నేరుగా తగలకుండా పది నిమిషాలు ఉండండి. రోజుకు ఒకసారి, రెండు వారాలు చేయవచ్చు. ఒకే మూటను ఆ రోజు వరకే వాడాలి. ఆకు, కొబ్బరి కలిసిన ముద్ద మర్నాటికి పులిసిపోతుంది.

ఆకులు దొరకని పట్టణాల్లో రాతి ఉప్పు, తవుడు సమానంగా కలిపి మూకుడులో వేయించి మూటకట్టినా వేడి చాలాసేపు నిలుస్తుంది. విదేశాల్లో ఉన్న మనవారు ఊరి నుంచి పచ్చి ఆకులు పెట్టెల్లో పెట్టుకుపోవద్దు. విమానాశ్రయాల్లో వాటిని ఆపి జరిమానా వేసే దేశాలున్నాయి. వేడినీళ్ల సంచి ఆ పని దాదాపు అంతే బాగా చేస్తుంది, ఎందుకంటే ఈ కాపడంలో సగానికి పైగా మేలు వేడి వల్లనే వస్తుందని నా నమ్మకం.

మధుమేహం వల్ల పాదాల్లో, కాళ్లలో స్పర్శ తగ్గినవారికి ఇంకొకరు దగ్గర ఉండి వేడి చూడాలి. వారికి చర్మం కాలినా తెలియదు, ఆ పుండు మానడానికి నెలలు పడుతుంది. చర్మం మీద పుండు ఉన్నా, కీలు ఎర్రగా వేడిగా ఉన్నా కాపడం మానేయండి. ఒక పిక్కలో మాత్రమే వాపు, నొప్పి ఉంటే అది రక్తనాళంలో గడ్డ కావచ్చు. దాన్ని రుద్దకూడదు, వెంటనే చూపించాలి.

ఇక జిల్లేడు ఆకు సంగతి. ఆకుకు ఆముదం రాసి, పెనం మీద వెచ్చబెట్టి మోకాలికి కట్టే అలవాటు మన దగ్గర ఎప్పటి నుంచో ఉంది, చాలామందికి హాయిగానే ఉంటుంది. అయితే ఆకు తుంచినప్పుడు కారే పాలు కంట్లో పడితే నల్లగుడ్డు వాచి చూపు మసకబారుతుంది, చర్మం మీద పడితే కొందరికి బొబ్బలు లేస్తాయి. ఆకులను కోసి, పాలు పూర్తిగా కారి ఆరిపోయాక, సబ్బుతో చేతులు కడుక్కున్నాకే వాడండి. పిల్లలున్న ఇంట్లో దీనికి బదులు ఆముదపు ఆకు కట్టుకోవడమే మంచిది.

వావిలి నూనె కాచుకోవడం

అంగట్లో దొరికే నూనెల్లో చాలా వాటికి ఘాటు వాసన తప్ప మూలిక శాతం తక్కువ. ఇంట్లో కాచుకోవడానికి ఒక పూట శ్రమ, కొంచెం ఓపిక చాలు. ఆయుర్వేదంలో తైలం కాచడానికి స్థూలంగా చెప్పే లెక్క ఇది: నూరిన ముద్ద ఒక భాగం, నూనె నాలుగు భాగాలు, ద్రవం పదహారు భాగాలు.

మన కొలతల్లో చెప్పాలంటే, అర కిలో వావిలి ఆకును నాలుగు లీటర్ల నీళ్లలో వేసి, మూత లేకుండా మరిగించి, ఒక లీటరు మిగిలే దాకా ఇగరనిచ్చి వడకట్టండి. ఇంకొక 50 గ్రాముల లేత ఆకును 10 గ్రాముల శొంఠితో కలిపి మెత్తగా నూరండి. వెడల్పైన, లోతైన గిన్నెలో 240 మిల్లీలీటర్ల గానుగ నువ్వుల నూనె పోసి, ముద్ద వేసి, వడకట్టిన కషాయాన్ని కలిపి సన్న మంట మీద పెట్టండి. లోతైన గిన్నె అని ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది: నీరు ఇగిరే చివరి దశలో నూనె నురగ కట్టి పొంగుతుంది, పొంగి పొయ్యి మీద పడితే అంటుకుంటుంది. ఆ గంట పొయ్యి దగ్గర నుంచి కదలవద్దు, అడుగంటకుండా కలుపుతూనే ఉండండి.

నీరంతా పోయిందో లేదో తెలుసుకోవడానికి పాతవారి పరీక్ష ఇప్పటికీ అంతే నమ్మకమైనది. గరిటెతో కొంచెం ముద్ద తీసి, చల్లారాక రెండు వేళ్ల మధ్య నలపండి. అది చేతికి అంటకుండా వత్తిలా చుట్టుకోవాలి. ఆ వత్తిని మంటకు చూపితే చిటపటమనకుండా కాలాలి. చిటపటమంటే ఇంకా తడి ఉన్నదని అర్థం, ఆ నూనె వారంలో బూజు వాసన వేస్తుంది. వత్తి గట్టిపడి పొడిపొడిగా రాలుతుంటే మాడిపోయినట్టు. ఆ నూనెను పారేయడమే మేలు. సరిగ్గా కుదిరిన నూనెను గోరువెచ్చగా ఉన్నప్పుడు పలుచని గుడ్డలో వడకట్టి, తడి లేని గాజు సీసాలో పోసి, చీకటి అలమరలో ఉంచితే రెండు మూడు నెలలు బాగుంటుంది.

కొందరు ఇందులో కర్పూరం కలుపుతారు. కలిపితే చల్లగా, హాయిగా ఉంటుంది. కలపదలచుకుంటే పొయ్యి ఆపి, నూనె గోరువెచ్చగా అయ్యాక రెండు గ్రాములకు మించకుండా వేయండి. కర్పూరం కొద్దిగా మింగినా చిన్నపిల్లలకు మూర్ఛలు వస్తాయి కాబట్టి ఆ సీసా పిల్లలకు అందని ఎత్తులోనే ఉండాలి.

మొదటిసారి మోచేతి లోపలి వైపు రెండు చుక్కలు రాసి ఒక రోజు ఆగండి. దద్దురు, మంట లేకపోతే మోకాలికి ఒక చెంచా నూనె చొప్పున, వెచ్చగా, పది నిమిషాలు రాయండి. చిప్ప మీద గుండ్రంగా, తొడ మీద పైకీ కిందికీ, మెత్తగా రాయాలి. బలంగా నొక్కి పిసికితే నొప్పి పోతుందనుకోవడం పొరపాటు. వాచిన కీలును పిసికితే వాపు పెరుగుతుంది.

పైపూతల్లో గట్టి ఆధారం ఉన్నది మరొకటి ఉంది, అది మన గుంటూరు మిరపకాయకు ఘాటునిచ్చే క్యాప్సైసిన్. దీనితో తయారైన లేపనాలు మందుల దుకాణాల్లో 0.025 శాతం మోతాదులో దొరుకుతాయి. రోజుకు మూడు నాలుగు సార్లు రాస్తే మొదటి వారం మంట పుట్టి, నొప్పిని మోసే నరాల చివరలు క్రమంగా మందగించి, రెండు నుంచి నాలుగు వారాల్లో నొప్పి తగ్గుతుంది. ఒక రోజు రాసి మండిందని మానేస్తే ప్రయోజనం ఉండదు. రాశాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి, దాని మీద కాపడం పెట్టకూడదు. ఇంట్లో ఎండుమిర్చి నూరి పట్టువేయడం మాత్రం వద్దు. ఘాటు ఎంతో తెలియని ముద్దతో చర్మం బొబ్బలెక్కుతుంది.

ఆ సులువైన గంటలో ఏం చేయాలి

కాపడం, నూనె అయ్యాక మోకాలు గంటసేపు తేలికగా ఉంటుంది. ఆ గంటలోనే ఈ మూడు కదలికలు చేయండి. కుర్చీలో వీపు ఆనించి కూర్చుని, ఒక కాలు నేరుగా చాపి, తొడ కండరం బిగించి, పది లెక్కపెట్టి మెల్లగా దించండి, కాలికి పదిసార్లు. తరువాత మంచం మీద వెల్లకిలా పడుకుని, ఒక మోకాలు మడిచి, రెండో కాలును వంచకుండా జానెడు పైకి ఎత్తి ఐదు లెక్కపెట్టండి, ఇదీ పదిసార్లు. మూడోది, ఎత్తైన కుర్చీ నుంచి చేతుల సాయం తక్కువగా తీసుకుంటూ లేచి నిలబడి మళ్లీ కూర్చోవడం. మొదట ఐదుసార్లు, నెలలో పదికి పెంచండి. చేసిన మర్నాడు నొప్పి మామూలు కన్నా పెరిగి ఉంటే సగానికి తగ్గించండి, మానేయవద్దు.

కింద బాసింపట్టు వేసుకుని కూర్చోవడం, గొంతుక్కూర్చుని బట్టలు ఉతకడం, నేల మీద కూర్చునే మరుగుదొడ్డి, ఈ మూడూ అరిగిన మోకాలికి రోజూ జరిగే దెబ్బలు. మరుగుదొడ్డి మీద పెట్టుకునే కుర్చీ కొనడానికి అయ్యే ఖర్చు చాలామంది ఒక నెల చూర్ణానికి పెట్టే ఖర్చు కన్నా తక్కువ. అలాగే బరువు: ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద పడే భారం దాదాపు నాలుగు కిలోలు తగ్గుతుందని 2005లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనం లెక్కగట్టింది. ఏ మూలికకూ అంత శక్తి లేదు.

కడుపులోకి తీసుకునేవి

ఇక్కడ ఒక నియమం గట్టిగా పాటించండి: ఒకసారి ఒకటే మొదలుపెట్టండి. పసుపు, శొంఠి, గుగ్గులు అనే చెట్టు బంక, అశ్వగంధ అన్నీ ఒకే రోజు మొదలుపెట్టినవారికి ఏది పనిచేసిందో తెలియదు, ఒంటికి పడకపోతే దేనివల్ల పడలేదో కూడా తెలియదు.

పసుపులో నొప్పి తగ్గించే పదార్థం కర్క్యుమిన్. 2014లో థాయ్‌లాండ్‌లో మోకాళ్ల అరుగుదల ఉన్న 367 మందిలో కొందరికి రోజుకు 1500 మిల్లీగ్రాముల పసుపు సారం, మరికొందరికి 1200 మిల్లీగ్రాముల ఇబుప్రొఫెన్ అనే నొప్పి మందు నాలుగు వారాలు ఇచ్చి చూస్తే నొప్పి తగ్గడంలో పెద్ద తేడా కనిపించలేదు. అయితే అది సారం. వంటింటి పసుపులో కర్క్యుమిన్ సుమారు మూడు శాతమే కాబట్టి ఒక చెంచా పసుపులో దాదాపు వంద మిల్లీగ్రాములు ఉంటుంది, అందులోనూ ఒంటికి పట్టేది చాలా తక్కువ. మిరియాల పొడి కలిపితే, కొవ్వున్న పాలతో తీసుకుంటే ఎక్కువ పడుతుంది. రాత్రి పడుకునే ముందు ఒక గ్లాసు పాలలో అర చెంచా పసుపు, రెండు చిటికెల మిరియాల పొడి వేసి మరిగించి తాగడం చాలామందికి నిరపాయమే. దాని నుంచి సారం ఇచ్చినంత ఫలితం మాత్రం ఆశించవద్దు. రంగు కోసం సీసం కలిసిన రసాయనాన్ని పసుపులో కల్తీ చేయడం ఉంది కాబట్టి మరీ మెరిసే పొడి కొనవద్దు, కొమ్ములు కొని మర పట్టించుకోండి. మిరియాల సారం కలిపిన గాఢమైన పసుపు మాత్రలు కొందరికి కాలేయం వాచేలా చేసిన సంఘటనలు పలు దేశాల్లో నమోదయ్యాయి. వాటిని వైద్యుని సలహా లేకుండా నెలల తరబడి మింగవద్దు. మూత్రపిండాల్లో రాళ్లు, పిత్తాశయంలో రాళ్లు ఉన్నవారు కూరలో వేసే పసుపుతోనే సరిపెట్టుకోవాలి.

శొంఠి ప్రభావం చిన్నదే గానీ ఉంది. రోజుకు ఒక గ్రాము, అంటే అర చెంచా శొంఠి పొడిని రెండు గ్లాసుల నీళ్లలో వేసి, ఒక గ్లాసు మిగిలేదాకా మరిగించి, కొంచెం బెల్లంతో భోజనం తరువాత తాగండి. కడుపులో మంట, పుండు ఉన్నవారు మానుకోవాలి; మధుమేహం ఉంటే బెల్లం వద్దు.

అందుగు చెట్టు బంక నుంచి తీసే శల్లకి మాత్రలకు మిగతా వాటి కన్నా మెరుగైన ఆధారాలున్నాయి. 2003లో నాగ్‌పూర్‌లో 30 మంది మీద, 2008లో ప్రచురితమైన మరో అధ్యయనంలో మన ఏలూరులో 90 రోజుల పాటు 75 మంది మీద జరిపిన పరీక్షల్లో నొప్పి తగ్గి, నడక మెరుగైనట్టు తేలింది. ఇవి చిన్న పరీక్షలే, రెండో దానిలో ఆ మందు తయారుచేసే కంపెనీ వారి పాత్ర కూడా ఉంది కాబట్టి కొంత జాగ్రత్తతో నమ్మాలి. అయినా వైద్యుడు ఒప్పుకుంటే రెండు నెలలు వాడి చూడదగిన మూలిక ఇది. రెండు నెలల్లో తేడా కనిపించకపోతే మూడో సీసా కొనవద్దు.

నల్లేరు పచ్చడిని మందుగా కాక తిండిగా చూడండి. విరిగిన ఎముకకు నల్లేరు అన్న మాట పాతదే, అరిగిన గుజ్జుకు పనిచేస్తుందన్న రుజువు మాత్రం లేదు. చేసుకోవాలంటే చేతులకు నూనె రాసుకుని, కొస నుంచి రెండు మూడు లేత కణుపులే తుంచి, పీచు తీసి, ముక్కలను నూనెలో పచ్చిదనం పూర్తిగా పోయేదాకా వేయించి, చింతపండు దండిగా వేసి నూరండి. సరిగ్గా వేగకపోతే నాలుక, గొంతు దురద పుడతాయి.

రక్తం పలుచబడే మందులు, అంటే వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్, రోజూ ఆస్పిరిన్ వాడేవారు పసుపు సారం, శొంఠి, వెల్లుల్లి మాత్రలు, గుగ్గులు వైద్యుని అడగకుండా మొదలుపెట్టకూడదు. శస్త్రచికిత్స ఉంటే రెండు వారాల ముందే ఆపాలి. గుగ్గులు అయితే ప్రొప్రనొలాల్, డిల్టియాజెం వంటి గుండె మందులను ఒంటికి పట్టకుండా చేస్తుంది. గర్భవతులు ఇక్కడ చెప్పిన మాత్రలు ఏవీ వాడకూడదు, విరేచనానికి ఆముదం తాగకూడదు.

ఇంట్లోకి రానివ్వకూడనివి

మా పెద్దమ్మకు ఒకరు పొట్లాలు కట్టి ఇచ్చిన చూర్ణం మూడు రోజుల్లో నొప్పి మాయం చేసింది. ఇంట్లో అందరం సంతోషించాం. మూడు నెలలకు ఆమె ముఖం గుండ్రంగా ఉబ్బింది, ఆకలి విపరీతంగా పెరిగింది, ఎప్పుడూ లేని షుగరు వచ్చింది. భయపడి పొట్లాలు ఒక్కసారిగా ఆపేస్తే వారంలోనే రక్తపోటు పడిపోయి ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. అందులో స్టెరాయిడ్ కలిపి ఉంటుందని వైద్యులు చెప్పారు. మూలిక ఏదీ మూడు రోజుల్లో నొప్పిని తుడిచిపెట్టదు. పేరు, పదార్థాల జాబితా, లైసెన్సు నంబరు లేని పొడి అలా పనిచేస్తే అనుమానించండి, అప్పటికే వారాల తరబడి వాడి ఉంటే మీరుగా ఆపకుండా పొట్లంతో సహా వైద్యునికి చూపించండి.

పేర్లు దగ్గరగా ఉండే మందులతోనూ జాగ్రత్త. యోగరాజ గుగ్గులు మూలికలతో చేసేది, మహాయోగరాజ గుగ్గులులో సీసం, పాదరసం భస్మాల రూపంలో కలుస్తాయి. పొరపాటున ఒకదానికి బదులు ఇంకొకటి ఏళ్ల తరబడి మింగకూడదు. 2008లో అమెరికాలో ఇంటర్నెట్ ద్వారా కొన్న 193 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే దాదాపు ఐదో వంతులో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి బయటపడింది.

ఈశ్వరి, గాడిదగడపర అనే మొక్కలను కొన్ని పల్లెల్లో వాతపు నొప్పులకు కషాయంగా ఇస్తారు. వీటిలోని అరిస్టొలోకిక్ ఆమ్లం మూత్రపిండాలను శాశ్వతంగా పాడుచేస్తుంది, మూత్రనాళ క్యాన్సరు కూడా తెస్తుంది. ఎవరు ఎంత అనుభవంతో చెప్పినా తాగవద్దు. నల్లజీడి గింజల నూనె, చిత్రమూలం వేరు ముద్ద కీలుకు పట్టువేస్తే చర్మం కాలినట్టు బొబ్బలు లేస్తాయి. తిప్పతీగను రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్నవారు ముట్టుకోకపోవడం మంచిది, ఎందుకంటే అది రక్షణ వ్యవస్థను రెచ్చగొట్టవచ్చు. కరోనా రోజుల్లో దాన్ని విరివిగా వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులను 2021లో ముంబయి వైద్యులు ప్రచురించారు. మెథోట్రెక్సేట్ వాడుతున్నవారు కాలేయం మీద భారం పెంచే ఏ మూలికా వాడకూడదు.

ఆరు వారాల లెక్క

ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. ప్రతి ఆదివారం మూడు విషయాలు రాయండి: ఆ వారం నొప్పికి సున్నా నుంచి పది వరకు మీరిచ్చే అంకె, పొద్దున బిగుతు ఎన్ని నిమిషాలు ఉన్నదో, ఆగకుండా ఎంత దూరం నడవగలిగారో. మొదటి రెండు వారాలు ఆకు మూట, నూనె, వ్యాయామం మాత్రమే చేయండి. మూడో వారం నుంచి కావాలంటే కడుపులోకి ఒక్కటి చేర్చండి, చేర్చిన తేదీ రాయండి. నొప్పి మాత్ర వేసుకున్న రోజులు కూడా గుర్తుపెట్టండి. మాత్రల సంఖ్య తగ్గితే అది కూడా మేలే.

చర్మం మీద దద్దురు, కళ్లలో పసుపు, మూత్రం ముదురు రంగు, నల్లటి మలం, పాదాల వాపు, వీటిలో ఏది కనిపించినా అన్నీ ఆపి అదే రోజు వైద్యుని కలవండి. ఆరు వారాలకు అంకెలు మెరుగుపడితే కాపడాన్ని వారానికి రెండు మూడు సార్లకు తగ్గించి, వ్యాయామం రోజూ కొనసాగించండి. అంకెలు కదలకపోతే ఆ నోటుపుస్తకాన్ని, వాడిన సీసాలను, మాత్రల పెట్టెలను ఒక సంచిలో వేసుకుని కీళ్ల వైద్యుని దగ్గరికి వెళ్లండి. ఏం వాడారో దాచకుండా చెప్పండి. ఏ మందు ఇవ్వవచ్చో, ఏది ఇవ్వకూడదో వారు తేల్చుకోవడానికి ఆ సంచిలో ఉన్నవన్నీ పనికివస్తాయి.